నాన్నకి 30కి 21 వచ్చింది. ఇక ఆయన నిర్ణయాలు ఆయన తీసుకోలేరా?

వెన్నెల

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను.

నాన్న వయసు 74. లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంటి జమాఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాసేవారు, ఒక్క రోజు కూడా వదిలేవారు కాదు. ఏడాదిన్నరగా ఏదో తేడాగా ఉంది. ఒకే బిల్లు రెండుసార్లు కట్టారు. బీమా ప్రీమియం గడువు దాటిపోయింది, పాలసీ ఆగిపోయింది. నేను వెళ్ళినప్పుడు పుస్తకం తీసి చూస్తే నాలుగు నెలల పేజీలు ఖాళీ. పోయిన నెల ఎవరో ఫోన్ చేసి పెట్టుబడి పథకం అంటే, పూర్తిగా చదవకుండానే ఫారం మీద సంతకం పెట్టి పంపేశారు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఎంఎంఎస్ఈ అనే పరీక్ష చేశారు. 30కి 21 వచ్చింది. ఆరు నెలలయ్యాక రమ్మన్నారు, అంతే. ఆ కాగితం చూసి అన్నయ్య, "ఇంకేముంది, నాన్న ఏ నిర్ణయమూ తీసుకోలేరని తేలిపోయింది, అన్నీ నా పేరు మీదికి మార్పిద్దాం" అంటున్నాడు. ఆ మాట నాన్న చెవిన పడింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "అమ్మా, నాకు మతి పోయిందని రాసిచ్చారా వాళ్ళు?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

ఆ 21కి నిజంగా అంత అర్థం ఉందా?

నైట్‌డ్యూటీ

వెన్నెల గారూ, ముందు నాన్నగారి దగ్గర కూర్చుని చెప్పండి, అలా ఎవరూ రాసివ్వలేదని. అది నిజం కాబట్టే చెప్పమంటున్నాను.

నేను పెద్దవాళ్ళ వార్డులో నర్సుని. ఈ పరీక్ష వందల మందికి చేశాను. ఎంఎంఎస్ఈ 1975లో వచ్చింది. ఈరోజు తేదీ ఎంత, ఇప్పుడు మనం ఎక్కడున్నాం, మూడు మాటలు చెప్తాను గుర్తుపెట్టుకోండి, 100లోంచి ఏడేసి తీసేస్తూ వెళ్ళండి, ఈ బొమ్మ చూసి గీయండి, ఇలా సాగుతుంది. జ్ఞాపకం, ఏకాగ్రత, భాష ఎలా ఉన్నాయో పది నిమిషాల్లో ఒక అంచనా వస్తుంది. మరింత లోతుగా చూడాలా వద్దా అని తెలుసుకోవడానికే అది. "ఈ మనిషి తన డబ్బు గురించి ఆలోచించి తేల్చుకోగలరా" అనే ప్రశ్న అందులో ఎక్కడా లేదు.

నిర్ణయ సామర్థ్యాన్ని చూసే పద్ధతి వేరు. అపెల్‌బామ్, గ్రిస్సో అనే ఇద్దరు పరిశోధకులు 1988లో రాసిన నాలుగు అంశాలనే ఇప్పటికీ ఎక్కువమంది వాడతారు. చెప్పిన విషయం అర్థమైందా? అది తన సంగతేనని, దాని మంచిచెడ్డలు తనకే తగులుతాయని గ్రహించారా? ఒక దారినీ ఇంకో దారినీ పోల్చి, ఎందుకు ఇది ఎంచుకున్నారో చెప్పగలరా? తన నిర్ణయాన్ని బయటికి తెలియజేసి, కాసేపు దాని మీద నిలబడగలరా?

ఈ నాలుగింట్లో రెండోదే మోసం చేస్తుంది. ఆపరేషన్ గురించి మనం చెప్పినదంతా పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాళ్ళు ఉంటారు. "మరి మీ కాలు సంగతేంటి?" అంటే, "నా కాలికేమైంది, బాగానే ఉందిగా" అంటారు. ఎదురుగా కట్టు కనిపిస్తున్నా సరే. అర్థం చేసుకోవడం ఉంది, తనకి వర్తింపజేసుకోవడం లేదు.

ఇంకొకటి. సామర్థ్యం అనేది మనిషి మొత్తానికి వేసే ముద్ర కాదు, ఒక్కో నిర్ణయానికి విడిగా చూడాల్సింది. ఏ మందు వేసుకోవాలో చక్కగా తేల్చుకోగలిగినవాళ్ళు పెద్ద పెట్టుబడి విషయంలో తడబడొచ్చు. పొద్దున బాగా ఆలోచించేవాళ్ళు సాయంత్రానికి అలసిపోయి గందరగోళపడొచ్చు.

గాలిపటం

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మకి నిన్న పొద్దుటిదాకా ఏమీ లేదు. రాత్రి నుంచి మమ్మల్ని గుర్తుపట్టడం లేదు, కాసేపు మగతగా ఉంటుంది, కాసేపు గట్టిగా అరుస్తుంది. ఇది కూడా ఇదేనా? ఏ పరీక్ష చేయించాలి?

నైట్‌డ్యూటీ

గాలిపటం గారూ, ఏ స్కోరు పరీక్షా వద్దు, ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. గంటల్లో, రోజుల్లో వచ్చిపడి, పైకీ కిందకీ ఊగుతూ ఉండే గందరగోళాన్ని డెలిరియం అంటారు. మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలెట్టిన మందు, ఏదైనా కారణం కావచ్చు. ఇది ఎమర్జెన్సీ. వేసుకుంటున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. తగ్గాక ఎలా ఉన్నారో తర్వాత చూద్దాం.

పాస్‌బుక్

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నాలాంటివాళ్ళు డాక్టర్ల కంటే ముందే కొన్ని చూస్తారు, కానీ చూసి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కౌంటర్ దగ్గర కనబడేవి చెప్తాను. ఇరవై ఏళ్ళుగా వస్తున్న మనిషి విత్‌డ్రా ఫారం పట్టుకుని ఎక్కడ ఏం రాయాలో తెలియక నిలబడిపోవడం. ఒకే వారంలో మూడుసార్లు వచ్చి అదే ప్రశ్న అడగడం. సంతకం మారిపోవడం. ఎన్నడూ లేనిది పక్కన కొత్త మనిషి ఒకరు ఉండి, మనం అడిగిన ప్రతిదానికీ ఆ మనిషే జవాబు చెప్పడం. చివరిది చూసినప్పుడల్లా ఖాతాదారుని ఒక్కరినే లోపలికి పిలిచి మాట్లాడేవాణ్ణి. అది సామర్థ్యం తగ్గడం కాకపోవచ్చు, ఒత్తిడి పెట్టి రాయించుకోవడం కావచ్చు. రెండూ వేరు. రెండూ కలిసి కూడా వస్తాయి.

డబ్బు లెక్కలు చూసుకోవడం చాలా తొందరగా దెబ్బతింటుంది. అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) అని డాక్టర్లు తేల్చడానికి ఆరేళ్ళ ముందు నుంచే వాయిదాలు తప్పడం కనిపించింది. వెన్నెల గారూ, మీ నాన్నగారి ఖాళీ పేజీలు ఆ స్కోరు కంటే ఎక్కువ చెప్తున్నాయి. లెక్కలంటే భయపడేవాళ్ళు పుస్తకం రాయకపోతే అందులో విశేషం లేదు. ఎన్నడూ వదలని మనిషి వదిలేశారు. మనిషిని వేరేవాళ్ళతో కాదు, ఒకప్పటి ఆయనతోనే పోల్చి చూడాలి.

మొదటివరుస

అందుకే నేననేది, 65 దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి ఈ పరీక్ష తప్పనిసరి చేయాలి. బీపీ చూడట్లేదా, షుగర్ చూడట్లేదా? మా పెదనాన్న ఉన్నదంతా ఫోన్ మోసగాళ్ళకి పంపేదాకా మాకు తెలియలేదు. ఆయనెప్పుడూ చెప్పలేదు, మేమెప్పుడూ అడగలేదు. ముందే పట్టుకుని ఉంటే ఆయన చివరి రోజులు అలా గడిచేవి కావు.

నీలిమేఘం

మొదటివరుస గారూ, మీ బాధ అర్థమైంది. మీ ఇంట్లో జరిగినది ఎవరికీ జరగకూడదు. కానీ అందరికీ తప్పనిసరి అన్నదాంతో నేను ఏకీభవించలేను. నరాల విభాగంలో డాక్టర్‌ని.

అమెరికాలో నివారణ వైద్యంపై సలహాలిచ్చే నిపుణుల బృందం ఒకటుంది, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్. 2020లో ఇదే ప్రశ్న పరిశీలించింది. ఏ లక్షణమూ లేని పెద్దవాళ్ళందరికీ ఈ స్క్రీనింగ్ చేస్తే మేలు ఎక్కువా కీడు ఎక్కువా అని తేల్చడానికి ఆధారాలు చాలవంది. చేయొద్దనీ అనలేదు, చేయమనీ అనలేదు. బీపీతో పోలిక ఎక్కడ ఆగిపోతుందంటే, బీపీ ఎక్కువుంటే తగ్గించే మందు ఉంది. ఇక్కడ తప్పుగా తక్కువ స్కోరు వస్తే ఆ మనిషి చేతిలోంచి చెక్కుబుక్కు లాక్కునే బంధువులు ఉంటారు. ఈ చర్చ మొదలైందే అలా.

లక్షణం కనిపించినప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు. ఎవరైనా "తేడాగా ఉంది" అన్నా, ఆ మనిషే "నాకేదో అవుతోంది" అన్నా చూడాల్సిందే.

వెన్నెల గారూ, మీ 21 గురించి. ఎంఎంఎస్ఈ స్కోరునీ నిర్ణయ సామర్థ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలన్నిటి మీద 2011లో ఒక సమీక్ష వచ్చింది. 20 కంటే తక్కువ వస్తే సామర్థ్యం లేకపోయే అవకాశం బాగా పెరుగుతుంది. 24 దాటితే బాగా తగ్గుతుంది. 20, 24 మధ్యలో వస్తే అటూ ఇటూ ఏమీ చెప్పలేం. మీ నాన్నగారిది సరిగ్గా ఆ మధ్యలో ఉంది. కాబట్టి మీ అన్నగారు అన్నట్టు ఏదీ "తేలిపోలేదు". అదే సమీక్షలో ఇంకో విషయం ఉంది, మా డాక్టర్లకి తలవంపే: సామర్థ్యం లేని రోగుల్లో సగానికి పైగా వాళ్ళని చూస్తున్న డాక్టర్లు గుర్తించలేకపోయారు. మర్యాదగా తల ఊపుతూ కూర్చుంటే అర్థమైందనుకుంటాం.

స్కోరు చదివే ముందు ఇవి చూశారా? చెవులు సరిగ్గా వినబడుతున్నాయా, కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్ష రాశారా? వినబడని మాట గుర్తుండదు. బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్ చూశారా? ఈమధ్య పడి తలకి దెబ్బ తగిలిందా? నిద్రలో ఊపిరి ఆగుతూ గురక పెడతారా? దిగులుగా ఉంటున్నారా? మనసు కుంగినప్పుడు మనిషి అచ్చం డిమెన్షియాలాగే మందగిస్తారు. నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటివి, అమిట్రిప్టిలిన్, వీటిలో ఏవైనా వేసుకుంటున్నారా? ఇవి పెద్దవయసులో బుర్రని మబ్బుపట్టిస్తాయి.

చదువు కూడా లెక్కలోకి వస్తుంది. బడికి వెళ్ళని మనిషికి ఈ పరీక్షల్లో తక్కువ రావడం మామూలే. మోకా అనే ఇలాంటిదే ఇంకో పరీక్షలో 12 ఏళ్ళు లేదా అంతకంటే తక్కువ చదివినవాళ్ళకి ఒక మార్కు కలపమని ఉన్నది అందుకే. రుడాస్ అనే పరీక్షని భాష, చదువు ప్రభావం తక్కువగా ఉండేలా తయారుచేశారు. మీ నాన్నగారిది దానికి ఎదురు సమస్య. లెక్కల టీచర్‌కి 100లోంచి ఏడు తీయడం నిద్రలో కూడా వస్తుంది. బాగా చదువుకున్నవాళ్ళకి జబ్బు ముదిరేదాకా స్కోరు బాగానే కనబడొచ్చు.

తడిఇసుక

చివర అన్నది నా జీవితంలో జరిగింది. మావారికి 56. పరీక్షలో 30కి 28. తేదీ, వారం, మూడు మాటలు, బొమ్మ, అన్నీ కరెక్ట్. డాక్టర్ నన్ను చూసి, "మీరే టెన్షన్ పడుతున్నారు" అన్నారు.

అప్పటికే ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. కొత్తగా పరిచయమైన మనిషికి మా పొదుపు మొత్తం అప్పుగా ఇచ్చారు. మా అమ్మాయి ఏడుస్తుంటే పక్కనే కూర్చుని టీవీ చూసి నవ్వారు. పాతికేళ్ళు కాపురం చేశాను, ఆయన అలాంటి మనిషి కాదు. ఎవరికి చెప్పినా "మగవాళ్ళకి ఆ వయసులో అలాగే ఉంటుంది" అన్నారు.

రెండేళ్ళకి ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అని తేలింది. ఇందులో మొదట జ్ఞాపకం పోదు. మంచిచెడ్డల విచక్షణ, ఎదుటివాళ్ళ మీద ప్రేమ, ఆగాల్సిన చోట ఆగడం, ఇవి పోతాయి. ఎక్కువగా 45 నుంచి 65 మధ్య మొదలవుతుందట. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మారిన ప్రవర్తన తేదీలతో సహా కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. నా మాట కంటే నేను రాసిన రెండు పేజీలనే రెండో డాక్టర్ నమ్మారు.

నీలిమేఘం

తడిఇసుక గారూ, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. ఇంట్లోవాళ్ళని అడిగే ప్రశ్నావళులు ఉన్నాయి, మీలాంటివాళ్ళ మాట వినడానికే. ఏడీ8 అనే దాంట్లో ఎనిమిదే ప్రశ్నలు. "గత కొన్నేళ్ళలో మార్పు వచ్చిందా" అన్నదే అన్నిటికీ మూలం. రెండు, అంతకంటే ఎక్కువ అవుననిపిస్తే లోతుగా చూడాలి. అది కూడా స్క్రీనింగే, తీర్పు కాదు.

సాక్షిసంతకం

వకీలుని. రెండు ముక్కలు.

వీలునామా రాసే సామర్థ్యం గురించి ఇప్పటికీ చాలా దేశాల కోర్టులు ఉదహరించే ఇంగ్లండ్ తీర్పు ఒకటుంది, బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో, 1870. జాన్ బ్యాంక్స్ అనే ఆయనకి దుష్టశక్తులు తనని వెంటాడుతున్నాయనీ, చనిపోయిన మనిషి ఒకడు తనని వేధిస్తున్నాడనీ గట్టి భ్రమ. అయినా ఆయన వీలునామా చెల్లుతుందన్నారు. తన ఆస్తి ఏమిటో, ఎవరికి ఏం న్యాయంగా చెందాలో ఆయనకి తెలుసు, ఆ భ్రమ వీలునామాలోకి రాలేదు. జబ్బు ఉంది, ఆ ఒక్క నిర్ణయానికి సామర్థ్యమూ ఉంది.

ఇంగ్లండ్, వేల్స్‌లకి 2005లో వచ్చిన మెంటల్ కెపాసిటీ చట్టం ఇంకా స్పష్టంగా చెప్తుంది. సామర్థ్యం లేదని రుజువయ్యేదాకా ఉన్నట్టే లెక్క. మనకి తెలివితక్కువగా కనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేనట్టు కాదు. సాయం చేసి చూడకుండా లేదని అనకూడదు.

వెన్నెల గారికి అవసరమైనది: చాలా దేశాల్లో మామూలు పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున వ్యవహారాలు చూడమని ఒకరికి రాసిచ్చే పత్రం), ఇచ్చినవాళ్ళు సామర్థ్యం కోల్పోగానే ఆగిపోతుంది. సరిగ్గా అవసరం పడే రోజునే పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత కూడా కొనసాగేవి కొన్ని చోట్ల ఉన్నాయి, కానీ అవి సామర్థ్యం ఉండగానే రాయాలి. మీ దగ్గర ఏది ఉందో స్థానిక వకీలుని ఈ వారమే అడగండి. డబ్బు మొత్తం నడపలేని మనిషి కూడా "నా తరఫున ఎవరు చూసుకోవాలి" అన్నది తేల్చుకోగలరు. అది వేరు ప్రశ్న. దాన్ని వేరుగానే అడగాలి.

పాతగడియారం

నాకు 69. రెండేళ్ళ క్రితం తొలిదశ అల్జీమర్స్ అని చెప్పారు. ఇది రాయడానికి ఇద్దరి సాయం కాదు, రెండు గంటల సమయం పట్టింది.

మీరంతా మంచి మాటలే చెప్పారు. పరీక్షకి కూర్చున్న మనిషి వైపు నుంచి ఒకటి చెప్పాలి. కోడలు పక్కన ఉండగా గడియారం బొమ్మ గీయమన్నారు. ముల్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నాకు తెలియట్లేదన్న సంగతి నాకు తెలుస్తోంది. అప్పుడు డాక్టర్ నా వైపు కాకుండా కోడలి వైపు తిరిగి మాట్లాడారు. ఆ క్షణం నుంచి గదిలో నేను లేనట్టే.

వేరే డాక్టర్ దగ్గరికి మారాను. ఆమె ఒక్కో విషయం చిన్న వాక్యాల్లో చెప్పి, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, మీ మాటల్లో ఒకసారి చెప్పండి" అంటుంది. పరీక్ష నాకు కాదు, తనకి అన్నట్టు అడుగుతుంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిస్తుంది. పొద్దున పదింటికి రమ్మంటుంది, అప్పుడు నేను బాగుంటాను. అదే ప్రశ్న వారం తర్వాత మళ్ళీ అడుగుతుంది. అదే జవాబు చెప్తే రాసుకుంటుంది. అలా ఎవరు ఏం చూసుకోవాలో నేనే రాయించాను. పెద్ద చెక్కులకి నా సంతకంతో పాటు మా అబ్బాయి సంతకం కూడా ఉండాలని నేనే పెట్టించాను.

వెన్నెల అమ్మా, నాన్నగారిని అడగకుండా ఏదీ మార్చకండి.

మొదటివరుస

పాతగడియారం గారూ, మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంట్లో అడగడం మాత్రం తప్పనిసరి కావాలి. మేం పెదనాన్నని ఒక్కసారి, "ఈ నెల బ్యాంకు కాగితం కలిసి చూద్దామా" అని అడిగి ఉంటే చాలేది.

గాలిపటం

అమ్మకి మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. మూడో రోజుకి నన్ను పేరు పెట్టి పిలిచింది. నైట్‌డ్యూటీ గారూ, మీ రుణం తీర్చుకోలేను.

వెన్నెల

ఐదు వారాలైంది. ఏం జరిగిందో రాస్తానని అనుకున్నాను, రాస్తున్నాను.

నాన్నకి కుడి చెవి దాదాపు వినబడటం లేదు. ఆ సంగతి మా ఎవరికీ తెలియదు. బీ12 బాగా తక్కువుంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నిద్ర పట్టక అలర్జీ మాత్ర ఒకటి రోజూ వేసుకుంటున్నారట, అది ఆపించారు. మనిషి కాస్త తేటపడ్డారు. కానీ అంతా అదే అని అనుకోవడం లేదు. కొత్త డాక్టర్ చేసిన పరీక్షల్లో తొలిదశ సమస్య ఉందనే అన్నారు. ఆ మాట నాన్నకే చెప్పారు, నాకూ అన్నయ్యకీ కాదు. మేం పక్కన కూర్చున్నాం.

తర్వాత ఆ డాక్టర్ పెట్టుబడి ఫారం ముందు పెట్టి అడిగారు. అందులో ఏముందో నాన్న చదివారు, అర్థాలు చెప్పారు. "డబ్బు పోయే ప్రమాదం ఉందా?" అంటే "ఉంది" అన్నారు. "మీ డబ్బు పోతే ఏమవుతుంది?" అంటే, "నాది ఎందుకు పోతుంది, ఆ అబ్బాయి మంచివాడు" అన్నారు. నైట్‌డ్యూటీ గారు చెప్పిన రెండో అంశం అప్పుడు కళ్ళారా చూశాను.

ఇంటి ఖర్చుల గురించి, పెన్షన్ గురించి అడిగితే అన్నీ సరిగ్గా చెప్పారు. "మీకు సాయంగా ఎవరుండాలి?" అంటే, "ఇద్దరూ. ఒక్కడికే ఇస్తే రెండోదానికి అనుమానం" అన్నారు. వారం తర్వాత అడిగినా అదే జవాబు, అదే కారణం. వకీలు దగ్గర అలాగే రాయించారు. ఇంటి ఖర్చుల ఖాతా ఆయన చేతిలోనే ఉంది. పెద్ద మొత్తాలకి మాత్రం మా ఇద్దరిలో ఒకరి సంతకం కూడా కావాలి.

అన్నయ్య గురించి ఇక్కడ కొంచెం కోపంగా రాశాను. అతనికి భయం. నాన్న సంతకం పెట్టిన ఫారం సంగతి తెలిసిన రాత్రి నిద్రపోలేదట, మొన్న చెప్పాడు.

పాస్‌బుక్

మంచి ఏర్పాటు అమ్మా. ఆ ఫారం సంగతి ఏమైంది? రద్దు చేసుకునే గడువు ఉంటుంది చాలావాటికి.

వెన్నెల

గడువు నాలుగు రోజులుందనగా రద్దు ఉత్తరం పంపాం అండి, నాన్నే సంతకం చేశారు. అందిందని నిన్న రసీదు వచ్చింది. దాని నంబరు, తేదీ నాన్న జమాఖర్చుల పుస్తకంలో రాసుకున్నారు.